సముద్రానికి తగ్గ ఎదురు

మహాసరస్సుల తెలుగు సమాఖ్య వారి మొదటి యూరప్ యాత్ర కిందటేడు సగం సముద్రం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. డెట్రాయిట్‌లో విమానమెక్కి, లేచేసరికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటామనుకుని నిద్రపోయిన సభ్యులు, లేచి చూస్తే మళ్ళీ డెట్రాయిట్‌లోనే ఉన్నారు. ఇంజన్ తాలూకు లైటేదో వెలిగిందని విమానం వాళ్ళు చెప్పారు. క్షమించమంటూ ఒక్కొక్కరి చేతిలో ఒక శాండ్‌విచ్ పెట్టారు. ఇంకో సంఘమైతే ఆ శాండ్‌విచ్ తిని మర్నాటి విమానం ఎక్కేది. ఈ సమాఖ్య అలా తిని ఊరుకునే రకం కాదు.

ఎందుకంటే దాని అధ్యక్షులు పరాంకుశం గారు కార్ల కంపెనీలో నాణ్యత విభాగాన్ని ముప్ఫై ఏళ్ళు నడిపి రిటైరైన మనిషి. కార్యవర్గంలో సగం మంది ఆయన కింద పనిచేసినవాళ్ళే. కారు తలుపు కిర్రుమంటే నూనె చుక్క వేసి ఊరుకోవడం వాళ్ళకి చేతకాదు. అసలు కారణం దొరికేదాకా తవ్వాల్సిందే. అందుకో పద్ధతి కూడా ఉంది. ఏ లోపాన్నయినా పట్టుకుని వరసగా ఐదుసార్లు 'ఎందుకు' అని అడిగితే ఐదో జవాబులో అసలు దోషి దొరుకుతుందని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకంతోనే ముప్ఫై ఏళ్ళు జీతాలు తీసుకున్నారు కనక దాన్ని తప్పు పట్టడానికి లేదు.

విచారణ సమావేశం జనవరిలో లైబ్రరీ హాల్లో జరిగింది. ఆహార విభాగం కన్వీనర్ దమయంతి అందరికీ ఫిల్టర్ కాఫీ పోసి, తనూ ఒక కప్పు తీసుకుని చివరి కుర్చీలో కూర్చుంది.

"విమానం ఎందుకు వెనక్కి వచ్చింది?" అన్నారు పరాంకుశం గారు, బోర్డు మీద ఒకటి వేసి.

"లైటు వెలిగింది కనక," అన్నాడు కార్యదర్శి కృపాకర్.

"లైటు ఎందుకు వెలిగింది?"

"విమానంలో లోపం ఉంది కనక."

"ఆ లోపం ఉన్న విమానం మనకే ఎందుకు వచ్చింది?"

"మన టైము బాగోలేక," అని వెనక నుంచి ఎవరో అన్నారు. పరాంకుశం గారు ఆ మాట బోర్డు మీద రాశారు. టైము ఎందుకు బాగోలేదంటే, బయల్దేరడం బాగోలేదని తేలింది.

"బయల్దేరడం ఎందుకు బాగోలేదు? ఇది ఐదోది. జాగ్రత్తగా చెప్పాలి. ఊహలొద్దు. ఆధారం చూద్దాం."

కృపాకర్ వీడియో పెట్టాడు. కిందటేడు సమాఖ్య వ్యాన్ బయల్దేరిన దృశ్యం. డ్రైవరు ఇంజన్ స్టార్ట్ చేశాడు, సభ్యులు చేతులూపారు. అంతలో అటువైపు నుంచి ఒక మనిషి పెద్ద స్టీలు డబ్బా ఎత్తుకుని వ్యాన్‌కి ఎదురుగా పరుగున వస్తోంది. కృపాకర్ అక్కడ ఆపాడు. డబ్బాలో ఉన్నది పులిహోర. ఎత్తుకొచ్చింది దమయంతి.

అందరూ తెర వైపు ఒకసారి చూసి, తలలు దించుకుని కాఫీ కప్పుల్లోకి చూశారు. దమయంతి భర్త పోయి ఆరేళ్ళయింది. విధవ అన్న మాట మాత్రం ఎవరూ అనలేదు. అమెరికాలో ఇన్నేళ్ళుగా ఉంటున్న చదువుకున్నవాళ్ళు అలాంటి మాటలనరు.

"ఇది మనుషుల గురించి కాదమ్మా, ప్రాసెస్ గురించి," అన్నారు పరాంకుశం గారు ఎంతో మర్యాదగా. "మన బయల్దేరే ప్రక్రియలో ఎదురు వచ్చే అంశానికి ఒక ప్రమాణమంటూ లేదు. ప్రమాణం లేకపోతే ప్రమాణేతర ఎదురు వస్తుంది. తప్పు వ్యవస్థది."

ఆకలేస్తుందని పులిహోర తెచ్చానండీ అందామనుకుంది దమయంతి. ఆ మాట ఐదు ఎందుకుల్లో ఎక్కడా ఇమిడేది కాదు కనక ఊరుకుంది. మనసు మాత్రం చివుక్కుమంది.

ఆమె ఆసుపత్రిలో ఫార్మసిస్టు. ఒంటరిగా ఇల్లు నడుపుకుంటుంది, మంచులో కారు నడుపుతుంది, డాక్టర్లు రాసిన మందుల్లో తప్పులు పట్టి తిప్పి పంపుతుంది. ఒంటరిగా సముద్రం దాటడమంటే మాత్రం భయం. విమానం కింద నేల లేదన్న సంగతి గుర్తొస్తే ఆమెకి ఊపిరాడదు. అందుకే, కిందటేడు ధైర్యం చాలక ఆగిపోయినా, ఈ ఏటి యాత్రకి అందరికన్నా ముందు పేరిచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అక్క చంద్రమతి ఉంది. బావగారి గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచీ అక్క ఊరు కదల్లేదు. ఇద్దరూ కళ్ళారా చూసుకుని నాలుగేళ్ళు దాటింది. పక్కన నలుగురు తెలుగువాళ్ళు గోలగోలగా కబుర్లాడుతుంటే ఎలాగో కళ్ళు మూసుకుని దాటేయొచ్చని దమయంతి ధైర్యం.

ఆ సాయంత్రమే ఎదురు ఉపసంఘం ఏర్పడింది. రెండు వారాల్లో 'ప్రయాణారంభ శకున నాణ్యతా ప్రమాణాలు' అనే పుస్తకం వెలువడింది. ఎదురు వచ్చే వ్యక్తి సుమంగళి అయి ఉండవలెను. చేత నిండు బిందె ఉండవలెను. నడక వేగం కంగారు పుట్టించనిదిగానూ, చిరునవ్వు సహజమైనదిగానూ ఉండవలెను. అర్హత గలవారికి ఫిబ్రవరిలో పార్కింగ్ స్థలంలో శిక్షణ ఇచ్చారు. డెట్రాయిట్ ఫిబ్రవరి కదా, నాలుగడుగులు వేసేసరికి బిందెలో నీళ్ళు గడ్డకట్టాయి. గడ్డకట్టిన నీళ్ళు నిండుబిందె కిందికి వస్తాయా రావా అని ఉపసంఘం సగం రోజు వాదించుకుని, తొణకదు కనక ఇంకా మేలని తీర్మానించింది. శిక్షణకి వచ్చిన ఆడవాళ్ళకి మాత్రం వేళ్ళు కొంకర్లు పోయాయి. వాళ్ళకి దమయంతే మందు రాసింది. తలుపు చాటు నుంచి.

తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. ప్రయాణానికి ఆరంభం ఏది? ఇంటి గడపా, వ్యాన్ కదలడమా, విమానాశ్రయమా, విమానం గేటా? ఏది ఆరంభమో తేలనప్పుడు అన్నిచోట్లా ఎదురుండాలన్నారు పరాంకుశం గారు. గేటు దగ్గర ఎదురు రావాలంటే బిందె తనిఖీ దాటాలి. పెద్ద బిందెడు నీళ్ళు తనిఖీ దాటనివ్వరు కనక, మందు సీసా అంత వెండి చెంబులు చేయించారు. ప్రయోగాత్మకంగా ఒకావిడని చెంబుతో పంపితే, తనిఖీ అధికారిణి అది ఏమిటని అడిగింది. "ఎదురు," అంది ఆవిడ. దేనికి ఎదురని అడిగింది అధికారిణి. విమానానికని ఆవిడ నిజాయితీగా చెప్పింది. ఆ మధ్యాహ్నమంతా ఆవిడని పక్క గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు.

ఈ ఎదురుదెబ్బకి ఇంకొకరైతే దిగాలు పడేవారు. పరాంకుశం గారికి అందులోనే వెలుగు కనిపించింది.

"మనం చేసిన పొరపాటు ఇదీ," అన్నారాయన తర్వాతి సమావేశంలో. "పక్క వీధికి పోయేవాడికి పక్కింటావిడ ఎదురొస్తే చాలు. పక్క ఊరు పోయేవాడికి ఆ ఊరి నుంచి వచ్చేవాళ్ళు ఎదురు పడాలి. సముద్రం దాటే ప్రయాణానికి ఈ పక్కనున్న నోవై నుంచి కారులో వచ్చే ఎదురు సరిపోతుందా? కెపాసిటీ చాలదు. సముద్రానికి తగ్గ ఎదురు కావాలి. అంటే సముద్రం దాటి వచ్చిన ఎదురు."

ఏం చేయాలో కూడా ఆయనే చెప్పారు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఒక సుమంగళి విమానంలో వచ్చి, మన బృందం గేటు వైపు నడుస్తుండగా అద్దాల తలుపులోంచి చెంబుతో ఎదురు రావాలి. వచ్చాక ఆగకూడదు. ఎదురు వచ్చిన మనిషి దాటిపోవాలే గాని అక్కడే కుర్చీ వేసుకుని కూర్చోకూడదు. కనక మర్నాటి విమానంలో తిరిగి వెళ్ళిపోతుంది.

వెంటనే ఫ్రాంక్‌ఫర్ట్‌లోని రైన్‌తీర తెలుగు కూటమికి ఉత్తరం వెళ్ళింది. దాని అధ్యక్షులు శేషఫణి గారు ఇంట్లో కాఫీ కావాలన్నా తీర్మానం చేసి అడిగే మనిషి. వీడియోలో తెర మీదికి వచ్చి గొంతు సవరించుకున్నారు.

"తమ ప్రతిపాదనను మా కూటమి సహృదయతతో పరిశీలించడమైనది. సూత్రప్రాయంగా అంగీకరించడమైనది. అయితే ఒక సందేహం ఉద్భవించినది. మా ఎదురు కూడా సముద్రము దాటుచున్నది కదా. ఆమె ప్రయాణమునకు సముద్రము దాటి వచ్చిన ఎదురు ఎవ్వరు?"

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అన్నారా. డెట్రాయిట్ నుంచి ఒకరిని పంపుదామంటే, ఆవిడకి మళ్ళీ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఇంకొకరు రావాలి. ఆ ఇంకొకరికి డెట్రాయిట్ నుంచి మరొకరు. కృపాకర్ బోర్డు మీద బాణాలు గీస్తూ పోయాడు. బోర్డు నిండింది, గోడ మీదికి ఎక్కబోతుంటే లైబ్రరీ వాళ్ళు వచ్చి ఆపారు. ఈ లెక్కన సృష్టి మొదలైనప్పటి నుంచీ ఎవరూ సముద్రం దాటి ఉండకూడదు.

చివరికి పరాంకుశం గారి పాత ఉద్యోగమే ఆదుకుంది. ప్రమాణం నిలుపుకోలేనప్పుడు ఒక్కసారికి మినహాయింపు అని కాయితం మీద సంతకం పెట్టి కారు అమ్మేసే పద్ధతి ఫ్యాక్టరీలో ఉంది. మొదటి ఎదురుకి మాత్రం స్థానిక ఎదురు చాలునని ఉభయ అధ్యక్షులూ సంతకాలు చేశారు. పనిలో పనిగా శేషఫణి గారు తమ ఎదురు పేరు ప్రకటించారు. భర్త, ఆరోగ్యం, సహజమైన చిరునవ్వు, అన్నీ ఉన్న శ్రీమతి చంద్రమతి గారు.

చివరి కుర్చీలో దమయంతి చేతిలో కాఫీ ఒలికింది.

ఆ రాత్రే అక్క ఫోన్ చేసింది.

"ఏమేవ్, నన్ను ఎదురుకి పంపుతున్నారుట, విన్నావా?"

"విన్నాను. నువ్వెలా ఒప్పుకున్నావక్కా, బావగారిని వదిలి?"

"రెండ్రోజులకి మనిషిని పెడతామన్నారే. నువ్వు ఆ గుంపులో ఉంటావు కదా, గేటు దగ్గర ఒక్కసారి కావలించుకోవచ్చని ఒప్పుకున్నా. తర్వాత నువ్వు ఇక్కడికొచ్చి ఉండు, నేను మర్నాడు నీ వెనకే వచ్చేస్తా."

నవ్వాలో ఏడవాలో తెలీక దమయంతి రెండూ కొంచెం కొంచెం చేసింది.

ఆ సంతోషం ఆదివారం దాకా నిలిచింది. ఆదివారం శేషఫణి గారు మళ్ళీ తెర మీదికి వచ్చారు. ఆయన సందేహాలు ఎప్పుడూ ఉద్భవిస్తూనే ఉంటాయి. ఎదురు అనునది ఉభయపాక్షికము. మా ఎదురు మీ బృందమునకు ఎదురగునప్పుడు, మీ బృందము కూడ మా ఎదురుకు ఎదురగును. కావున మీ బృందములో ప్రమాణేతరులు ఎవ్వరైనా ఉన్నచో మా సుమంగళికి, ఆమె సౌభాగ్యమునకు హాని.

ఎవరి సౌభాగ్యానికి ఎవరి వల్ల హాని? అక్కకి, తన వల్ల. దమయంతి చివరి కుర్చీలోంచి లేవలేదు.

అందరూ మంచివాళ్ళే. ఆమెకి న్యాయం చేయాలనే చూశారు. ఆ క్షణానికి ఆమె వెనక్కి తిరిగి నడిస్తే సాంకేతికంగా ఎదురు కాదన్నాడు కృపాకర్. విమానంలో కూడా వెనక్కి తిరిగి కూర్చుంటే అసలు ఆమె ఫ్రాంక్‌ఫర్ట్ వైపు వెళ్తున్నట్టే లెక్కకి రాదని ఇంకొకరన్నారు. అలాంటి సీటు ఇవ్వగలరా అని విమానం వాళ్ళని అడిగితే, అవి సిబ్బంది కూర్చునేవని చెప్పి ఫోన్ పెట్టేశారు. దాంతో పరాంకుశం గారు బరువుగా లేచి, దమయంతి గారి ప్రయాణాన్ని రెండో దశకి మార్చడమైనదని ప్రకటించారు. రెండో దశ ఎప్పుడో ఎవరూ అడగలేదు. ఆమె సేవలకి గుర్తింపుగా శాలువా కప్పారు. శాలువా కప్పిన ఆవిడ పక్కనుంచి వచ్చి కప్పింది.

"ఇంకో చిన్న మనవి, అమ్మా," అన్నారు పరాంకుశం గారు. "యాత్ర బయల్దేరే శుక్రవారం మీరు విమానాశ్రయం వైపు రాకపోతే మంచిది. మీ అక్కగారు వస్తారు, ప్రేమకొద్దీ మీరు చూద్దామనుకుంటారు. అర్థం చేసుకోగలను. కానీ ప్రాసెస్ కదా."

"మరి నన్నెక్కడ ఉండమంటారండీ ఆ రోజు?"

"ఎక్కడైనా ఉండండమ్మా. మీ ఇష్టం. ఎదురుగా తప్ప."

దమయంతి ఇంటికి వచ్చి శాలువా మడిచి కుర్చీ మీద పెట్టింది. ఆరేళ్ళుగా ఆమె పెళ్ళిళ్ళలో గోడవారన నడిచింది. ఎవరైనా పని మీద బయల్దేరుతుంటే తలుపు వెనక్కి తప్పుకుంది. ఎవరూ చెప్పకముందే, నొప్పించకూడదని, తనే తప్పుకుంది. ఇన్నాళ్ళూ అది తన మంచితనం అనుకుంది. ఈ రోజు మాత్రం చాలా కోపమొచ్చింది, ముందు వాళ్ళ మీద, తర్వాత తన మీద. ఆ కోపం చల్లారకముందే కంప్యూటర్ ముందు కూర్చుని గురువారం సాయంత్రం విమానానికి టికెట్ కొంది. శుక్రవారం ఎక్కడైనా ఉండొచ్చని అధ్యక్షులే అన్నారు.

వెళ్ళేటప్పుడు ఆమెకి ఎవరూ ఎదురు రాలేదు. వీధిలో చెత్త లారీ ఒకటి వచ్చింది గాని, అది ప్రమాణమో ప్రమాణేతరమో ఆమె ఆలోచించలేదు. విమానం నీళ్ళ మీదికి వచ్చాక భయం పట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, తనకి తెలిసిన మందుల పేర్లన్నీ అక్షర క్రమంలో చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఆ జాబితా రెండోసారి నడుస్తుండగా తెల్లారింది. కింద పొలాలు కనబడ్డాయి. లైటేదీ వెలగలేదు.

అక్క ఉండే అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో లిఫ్ట్ దిగేసరికి వరండా నిండా జనం. కూటమి సభ్యులు పట్టుబట్టలతో బారులు తీరి ఉన్నారు. మెట్ల దగ్గర ఒక కొత్త పెళ్ళికూతురు నిండుబిందెతో సిద్ధంగా నిలబడి ఉంది, స్థానిక ఎదురన్నమాట. ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ ఎత్తి పట్టుకున్నాడు. తెరలో డెట్రాయిట్. అక్కడింకా తెల్లారలేదు, పరాంకుశం గారు స్వెట్టర్ మీద కండువా వేసుకుని చూస్తున్నారు. శేషఫణి గారు చెయ్యెత్తి సైగ చేశారు. తలుపు తెరుచుకుంది. పసుపు రాసుకున్న పాదం ఒకటి గడప మీదికి వచ్చింది.

దమయంతి అలవాటు చొప్పున చటుక్కున గోడవారకి జరిగింది. పెట్టెతో సహా లిఫ్ట్ తలుపు చాటుకి పోబోయింది. ఇంత దూరం వచ్చి, ఈ నాలుగడుగుల దగ్గర ఆమె కాళ్ళు మళ్ళీ పాత దారే పట్టాయి.

చంద్రమతి చూసింది. ఎత్తిన పాదం ఎత్తినట్టే ఆగింది.

"ఎక్కడికే ఆ పక్కకి?" అంది. "దమయంతీ. నిన్నే. ఎదురుగా రా."

"అక్కా, నువ్వు ముందు దిగు. ఆ తర్వాత నేను..."

"ఎదురుగా రమ్మన్నానా? నా గుమ్మానికి ఎదురుగా రా."

బిందె పట్టుకున్న పిల్ల తనంతట తనే పక్కకి జరిగింది. దమయంతి పెట్టె లాక్కుంటూ వరండా మధ్యలోంచి నడిచి వెళ్ళి అక్క ఎదురుగా నిలబడింది. చంద్రమతి చెల్లెలి చెంపలు రెండు చేతుల్తో పట్టుకుని చూసుకుంది. చిక్కిపోయావంది.

శేషఫణి గారు ప్రమాణాల పుస్తకం తెరిచారు. "ఇది... సముద్రము దాటి వచ్చిన ఎదురే," అన్నారు, పేజీలు తిప్పుతూ. "ఆ మేరకు ప్రమాణమునకు లోబడినది. అయితే ఇతరత్రా..."

"ప్రమాణేతరం," అన్నారు ల్యాప్‌టాప్‌లోంచి పరాంకుశం గారు, నీరసంగా. "దమయంతి గారూ, మిమ్మల్ని ఎదురుగా మాత్రం వద్దన్నానమ్మా."

"పోనీలెండి పరాంకుశం గారూ," అంది చంద్రమతి, తెర వైపు తిరిగి, ఎంతో వినయంగా. "అయిందేదో అయింది. ఇలాంటి ఎదురొస్తే ఏం చెయ్యాలో పెద్దలు చెప్పారుగా. ప్రయాణం మానుకుని ఇంట్లోకెళ్ళి కూర్చోవాలి."

"అంతేనమ్మా, అంతే. కాళ్ళు కడుక్కుని, కాసిని మంచినీళ్ళు తాగి, ఐదు నిమిషాలు ఆగి బయల్దేరండి. విమానానికి టైముంది. ఇక్కడ ఇరవై ఇద్దరం పెట్టెలు కట్టుకుని కూర్చున్నాం."

"ఎలా బయల్దేరతానండీ? ఎదురొచ్చిన మనిషి మా ఇంట్లోనే దిగుతోంది. నేను గడప దాటబోయినప్పుడల్లా ఎదురవుతుంది. ఇది వెళ్ళేదాకా నేను కదలడానికి లేదు."

"వారు ఎప్పుడు వెళ్తారు?"

"ఇప్పుడేగా వచ్చిందీ."

"మరి మా యాత్ర సంగతి, అమ్మా?"

"మీరూ కదలకండి. మీకు ఎదురు రాలేదు కదా."

అభ్యంతరం చెప్పడానికి పరాంకుశం గారు రాసిన పుస్తకంలో ఎక్కడా చోటు లేదు. చంద్రమతి అందరికీ నమస్కారం పెట్టి, చెల్లెలి పెట్టె తనే లోపలికి లాగి తలుపేసింది.

లోపల బావగారు పడక్కుర్చీలోంచి చెయ్యెత్తి పలకరించారు. దమయంతి సోఫా అంచున కూర్చుంది. భయమింకా వదల్లేదు. సముద్రం భయమో, వరండా భయమో ఆమెకే తెలీలేదు. చంద్రమతి మంచినీళ్ళు తెచ్చి సగం చెల్లెలికిచ్చి, మిగతా సగం తను తాగింది.

"ఎన్నాళ్ళుంటావే?"

"మూడు వారాలు సెలవు పెట్టొచ్చాను."

"అంత పెద్ద అపశకునానివి, మూడు వారాల్లో ఎలా పోతావే?" అంది చంద్రమతి, పక్కన కూలబడి, గట్టిగా కావలించుకుని. "ఇంకో నెల పొడిగించు."